"ఇక్కడ నొక్కు, తాతయ్యా!"

మా ఇంట్లో కంప్యూటరు కొన్న కొత్తలో దాని ముందు కూర్చునే హక్కు నాకొక్కడికే వుండేది. అప్పుడు నాకు కళ్ళుండేవి. తెలుగు పండితుడిగా ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయినవాణ్ణి. పింఛను లెక్కలు, పాత శిష్యులకు వుత్తరాలు, ఎవరైనా వచ్చి అడిగితే వో అర్జీ టైపు చేసిపెట్టడం — ఇవీ నా వ్యవహారాలు. వీధిలో నాకు కొంచెం పలుకుబడి కూడా వుండేదనుకోండి.

తరవాత కళ్ళు పోయాయి. ఒక్కసారిగా కాదు. గ్లాకోమా చాలామందిలో దొంగలాగే వస్తుంది. నొప్పి వుండదు, ఎరుపు వుండదు. ముందుగా పక్కచూపు పట్టుకుపోతుంది. గుమ్మాలు భుజానికి తగులుతూంటే ఇల్లు ఇరుకైపోతున్నదని విసుక్కున్నానే గాని, ఇరుకవుతున్నది నా చూపని తట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చాలాభాగం పోయింది. పోయిన చూపు తిరిగిరాదు. వున్నది నిలబెట్టుకోవడమే వైద్యం. నాకు అదీ నిలవలేదు. అంచేత నలభై దాటినవాళ్ళు ఏమీ లేకపోయినా వొకసారి కళ్ళు చూపించుకోండి. ఇది నా కథలో నీతి కాదు, దారిలో దొరికిన సలహా.

కళ్ళు పోయినందుకు నేను మరీ కుంగిపోలేదు. మా ఆవిడ పేపరు చదివి వినిపించేది. వుత్తరాలు చదవడానికి పక్కింటి కుర్రాడు రోజూ సాయంత్రం వచ్చేవాడు. వాడిది మంచి గొంతు. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా, తప్పు లేకుండా చదివేవాడు. ఆ గొంతే కొంప ముంచింది.

2022 సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. హాల్లో నలుగురూ కూర్చుని వుండగా కుర్రాడు కంప్యూటరు తెరిచి, "విశాఖపట్నం నుంచి వుత్తరం వచ్చింది మాస్టారూ" అన్నాడు. నా బాల్యమిత్రుడు. చిన్నప్పుడు ఒకే పలకమీద అక్షరాలు దిద్దినవాళ్ళం. "చదవరా" అన్నాను.

వాడు చదివాడు. కొడుకు ఇల్లు అమ్మించాడట. వీణ్ణి వృద్ధాశ్రమంలో చేర్పించి తన దారిన తాను వెళ్ళాడట. బంధువులెవరికీ చెప్పలేదట. "ఆపరా" అని నేననేలోపల వాడు ఆఖరి వాక్యం కూడా చదివేశాడు: "ఈ సంగతి నీలోనే వుంచుకో."

హాలు నిశ్శబ్దమైపోయింది. వారం తిరక్కుండా కబురు విశాఖపట్నం చేరింది. ఎవరో పళ్ళు పట్టుకుని "అయ్యో పాపం" అంటూ ఆశ్రమానికి వెళ్ళారట. ఆ తరవాత నా మిత్రుడు నాకు వుత్తరం రాయలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. కళ్ళు పోయినప్పుడు ఏడవనివాణ్ణి, ఆ వారం ఒక రాత్రి ఏడ్చాను. నాకు చదివిపెట్టేవాళ్ళు ఎందరో వున్నారు. నా మట్టుకు నేను చదువుకునే వీలే లేకుండా పోయింది.

ఆ వేసవిలో మనవడు వచ్చాడు. సంగతంతా విని, "దీనికింత బాధెందుకు తాతయ్యా? కంప్యూటరే చదివి వినిపిస్తుంది" అని ఏదో ఎక్కించాడు. ఎక్కించడమేమిటి, ఆ యంత్రం వాగడం మొదలుపెట్టింది! తెరమీద వున్నదీ లేనిదీ, కామాతో సహా, వూపిరి సలపకుండా అప్పజెబుతోంది.

మనవడి బోధన ఇలా సాగింది.

"ఇక్కడ నొక్కు, తాతయ్యా!"

"ఎక్కడరా?"

"ఇదిగో, ఇక్కడ."

"ఇక్కడంటే?"

"అబ్బ, ఇక్కడే!" అని నా చెయ్యి పట్టుకుని మౌసుని జరిపేవాడు. వాడు చెయ్యి వదలగానే నాకు ఆ 'ఇక్కడ' మాయమయ్యేది. వాడు లేనప్పుడు గుడ్డెద్దు చేలో పడ్డట్టు అన్ని మీటలూ తొక్కేసేవాణ్ణి. నాలుగు రోజులకి ఇద్దరికీ విసుగొచ్చింది. సెలవులయిపోయి వాడు వెళ్ళిపోయాడు.

అప్పటికి మా పైవాటాలో ఒక అమ్మాయి అద్దెకు దిగి రెండు నెలలయింది. బ్యాంకు గుమాస్తా. పుట్టుకతోనే చూపు లేదు. ఒకరోజు మా ఆవిడ పులిహోర ఇచ్చి వచ్చి, "ఏవండీ, విచిత్రం చూశాను. ఆ పిల్ల కంప్యూటరు తెర కాటుకలా నల్లగా వుంది. అయినా టకటకా కొట్టేస్తోంది" అన్నది. వెంటనే కబురు పెట్టాను.

ఆ అమ్మాయి వచ్చి కూర్చుంటూనే, "ముందు ఆ మౌసు తీసి బీరువాలో పెట్టండి మాస్టారూ. అది కళ్ళున్నవాళ్ళ చూపుడువేలు. మనకి అక్కరలేదు" అన్నది.

తరవాత నా చూపుడువేళ్ళు రెండూ పట్టి మీటలమీద పెట్టింది. ఎఫ్ మీదా, జె మీదా చిన్న గీతల్లాంటి బొడిపెలున్నాయి. పక్కనున్న అంకెల గుంపులో అయిదు మీద కూడా వో బొడిపె. పదేళ్ళుగా ఆ మీటలు కొడుతున్నాను, అవి వున్నాయని నాకు తెలియనే తెలియదు!

"ఇప్పుడు మొదటి పాఠం. దీని నోరు మూయించడం. కంట్రోల్ నొక్కండి."

నొక్కాను. యంత్రం టక్కున ఆగిపోయింది. అప్పుడు నాకు కలిగిన ఆనందం ఏం చెప్పను! షిఫ్ట్ నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే ఆగినచోటినుంచి అందుకుంటుంది. మా ఆవిడ వంటింట్లోంచి, "అమ్మాయీ, ఆ కంట్రోల్ మీట మీ మాస్టారికి కూడా ఒకటి అమర్చి పెడుదూ" అన్నది.

రెండో పాఠం ఇంకా బాగుంది. ఇన్సర్ట్ మీట పట్టుకుని ఒకటి అంకె నొక్కితే యంత్రం గురువైపోతుంది. ఆ తరవాత ఏ మీట నొక్కినా దాని పేరు చెబుతుందే గాని పని మాత్రం చెయ్యదు. ఎంత తప్పు కొట్టినా ఏమీ చెడదు. మళ్ళీ ఇన్సర్ట్‌తో ఒకటి నొక్కితే మామూలే. వారం రోజులు అదే ఆట ఆడాను. అరవై దాటినవాడికి కావలసిన బడి అదే — తప్పు చేస్తే నవ్వేవాళ్ళు లేని బడి.

మూడో పాఠం, ఎక్కడున్నామో తెలుసుకోవడం. ఇన్సర్ట్‌తో టి నొక్కితే ఏ గదిలో వున్నామో, అంటే ఏ కిటికీ తెరిచి వుందో చెబుతుంది. ఇన్సర్ట్‌తో టాబ్ నొక్కితే ఆ గదిలో ఏ వస్తువు మీద చెయ్యి వుందో చెబుతుంది. ఆల్ట్ పట్టుకుని టాబ్ కొడితే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవచ్చు. దారి తప్పితే విండోస్ మీటతో డి కొట్టి వీధిగుమ్మంలోకి వచ్చి పడవచ్చు.

"ఎక్కడో తెలియనప్పుడు కొత్త మీట కొట్టకండి మాస్టారూ. ముందు ఎక్కడున్నానని అడగండి" అన్నది అమ్మాయి. కంప్యూటరుకే కాదు, ఈ మాట మా ఇంట్లో చాలామందికి పనికొస్తుంది.

కాని నాకు అసలు కళ్ళు తెరిపించింది హెచ్ మీట. అంతవరకూ నేను పేజీని పురాణంలా మొదటినుంచి చివరిదాకా వినేవాణ్ణి. "మీరు పేపరు అలాగే చదివేవారా?" అని అడిగింది. లేదే! శీర్షికలు చూసి, కావలసినచోట ఆగేవాణ్ణి. "హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకి దూకుతుంది. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే వెనక్కి. కె అయితే లంకెలు, బి అయితే బటన్లు, ఇ అయితే రాసే గళ్ళు, టి అయితే పట్టికలు. ఇన్సర్ట్‌తో ఎఫ్7 నొక్కితే లంకెలూ శీర్షికలూ వరసగా జాబితా కట్టి ఇస్తుంది." ఒకటే చిక్కు. రాసే గడిలోకి వెళ్ళాక హెచ్ కొడితే దూకదు, హెచ్ అనే అక్షరమే పడుతుంది. చదవడంలోంచి రాయడంలోకి మారినప్పుడల్లా యంత్రం చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు చెవిన పెట్టుకుంటే చాలు. ఎస్కేప్ కొట్టి బయటికి వచ్చెయ్యవచ్చు. ఈ సంగతి తెలియక నేను పింఛను దరఖాస్తులో నా పేరు ముందు పదకొండు హెచ్‌లు చేర్చాను.

ఆ అమ్మాయి ఎన్నడూ 'ఇక్కడ' అని గాని 'అక్కడ' అని గాని అనలేదు. ప్రతిదానికీ పేరు చెప్పేది. సర్వనామం వాడాలంటే ముందు నామవాచకం వుండాలని ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి, నాకు ఆ సూత్రం అప్పుడు అర్థమయింది. యంత్రం కూడా అంతే. పేరున్నదాన్నే చదవగలదు. పేజీ తయారుచేసినవాడు బటనుకి బొమ్మ వేసి పేరు పెట్టకుండా వదిలేస్తే, పాపం అది మాత్రం ఏం చేస్తుంది? "బటన్... బటన్... బటన్" అంటుంది. వాటిలో ఒకటి డబ్బు పంపేది, ఒకటి రద్దు చేసేది! 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. పెద్ద తీర్పే. దాన్ని అమలు చెయ్యడం మాత్రం బటనుకి పేరు పెట్టడంతో మొదలవాలి.

నేను వాడేదాని పేరు ఎన్‌విడిఎ. మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు 2006లో దీన్ని మొదలుపెట్టాడు. అతనికీ చూపు లేదు. మరుసటి ఏడు తనలాంటివాడే అయిన జేమ్స్ టే అనే స్నేహితుడితో కలిసి ఒక సంస్థ పెట్టి, ఎవరైనా పైసా ఇవ్వకుండా వాడుకునేలా చేశాడు. అంతకు చాలా ముందే, 1989లో, జాస్ అనే చదువరిని బయటికి తెచ్చిన టెడ్ హెంటర్ కూడా ప్రమాదంలో చూపు పోయినవాడే. పూర్వం మోటారుసైకిల్ పందేలగాడు. ఇవేవీ లేకపోయినా ఫరవాలేదు. ఇప్పటి విండోస్ కంప్యూటర్లో నేరేటర్ అనే చదువరి ముందే వుంటుంది. కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే మాట్లాడుతుంది. మీ ఇంట్లో చూపు తగ్గినవాళ్ళుంటే ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

ఇక రాయడం. విండోస్ మీటతో స్పేస్ కొడితే ఇంగ్లీషు మీటలు తెలుగు మీటలవుతాయి. ఇన్‌స్క్రిప్ట్ అనే వరసలో అచ్చులు ఎడమచేతివైపు, హల్లుల్లో చాలాభాగం కుడిచేతివైపు. మన పూర్వులు కూర్చుని అమర్చారా అన్నంత ముచ్చటగా వుంది. బొడిపె వున్న జె మీద ర, పక్కనే కె మీద క, ఆ పక్క ఎల్ మీద త, ఎడమచేతి డి మీద పొల్లు. 'కర్త' అనే మాట రాయడానికి వేళ్ళు మధ్యవరస దాటనక్కరలేదు! కె, జె, డి, ఎల్. నేను మొట్టమొదట తప్పులేకుండా రాసిన మాట అదే.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు ఆ అమ్మాయిని, "అమ్మా, నీ తెర నల్లగా వుంటుందటగదా, అదేమిటి?" అని అడిగాను.

"దాన్ని తెరకి తెర అనుకోండి మాస్టారూ. ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెర నల్లబడుతుంది. వినే మనకి తేడా లేదు. వెనక నుంచున్నవాళ్ళకి మాత్రం ఏమీ కనిపించదు. మళ్ళీ నొక్కితే తెర మామూలుగా వస్తుంది. బస్సులో, ఆఫీసులో పక్కవాళ్ళు చదివేస్తున్నారో లేదో మనకి తెలియదుగా?"

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక కూర్చున్నాను. చెవుల్లో గొట్టాలు పెట్టుకున్నాను. తెరకి తెర వేశాను. నా రహస్యపదం కొడుతూంటే యంత్రం అక్షరాలు పైకి చెప్పకుండా, ఒక్కొక్కదానికీ "స్టార్, స్టార్" అని మాత్రమే అన్నది. దానికున్న మర్యాద మా హాల్లో నాకు లేకపోయింది గదా అనుకున్నాను.

పాత వుత్తరం వెతికి, ఒక్కొక్క పంక్తే కిందిబాణంతో విన్నాను. సంక్రాంతినాడు కుర్రాడి గొంతులో నేను విననిది ఇప్పుడు విన్నాను. వాడు అన్నిటికన్నా ముందు, "నీకు చూపు పోయిందని తెలిసి వారం రోజులు అన్నం సయించలేదురా" అని రాశాడు. తన కష్టం ఆ తరవాత.

జవాబు రాయడానికి తెల్లవారుజాము మూడయింది. "ఇది నేనే రాస్తున్నాను. పక్కన ఎవరూ లేరు. ఆనాడు ఎవరో చదివిపెట్టారు, తప్పు నాదే. ఇకనుంచి నువ్వు రాసినది నేను తప్ప ఎవరూ చదవరు" — ఇంతే దాని సారాంశం. అక్షరదోషాలున్నాయేమో, పంతులుననే గర్వం పక్కనపెట్టి పంపేశాను.

పన్నెండు రోజులు ఏమీ రాలేదు. పదమూడోనాడు వచ్చింది. చాలా పెద్ద వుత్తరం. రెండుసార్లు విన్నాను. చెవుల్లోంచి గొట్టాలు తీస్తూంటే కాఫీ గ్లాసు పెట్టి మా ఆవిడ అడిగింది:

"మీ స్నేహితుడేనా? ఏం రాశారండీ?"

"క్షేమమేనట."

"గంటసేపు విన్నారు. క్షేమం ఒక్కటేనా?"

"అంతే."

"అయితే మీకూ దాపరికాలు వచ్చాయన్నమాట" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. పక్కింటి కుర్రాడు మాత్రం ఇప్పటికీ సాయంత్రం వస్తూనే వున్నాడు. వాడికి సంధులు చెబుతున్నాను.