కుల్లాయి, కిరీటము

మా బళ్లారి తెలుగువారికి నాటకమనిన వంశపారంపర్యపు వ్యసనము. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభయు, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమా సభయు ఇచ్చటివే. రాఘవగారు వెలసినదియు ఇచ్చటనే. అట్టి ఊర పుట్టియు, రంగు పూసికొని నిలుచు ప్రజ్ఞ లేక మేము దుస్తుల పెట్టెకు కాపరులమైతిమి. పగలు కచేరీ దస్త్రములు, రాత్రి సూదిదారములు.

1988 ఉగాదికి మా సంఘమువారు శ్రీకృష్ణదేవరాయలను గూర్చిన నాటకము తలపెట్టిరి. రాయల వేషము చాల యేండ్లుగా మేము మామయ్య యని పిలుచు పెద్దవారొకరిది. ఆయన పద్యమెత్తుకొనిన మిఠాయి అంగడివాడును త్రాసు దించి వినెడివాడు. దుస్తులు మాత్రము అద్దెవి: ఎఱ్ఱ ముఖమలు కోటు, చమ్కీలు, తగరపు కిరీటము. ముందటి వారము దుర్యోధనుడు తొడిగిన కోటే ఈ వారము రాయలది. చంకలోని చెమట మరక సాక్షి.

మాకది అవమానముగా తోచినది. హంపి ఇచ్చటికి రమారమి 60 కిలోమీటర్లు. 2021లో విజయనగర జిల్లా వేఱుపడువఱకు మా జిల్లాలోనిదే. రాయల గడ్డపై రాయలకు అద్దె కిరీటమా? తిరుమలలో దేవేరులిద్దఱితో చేతులు జోడించి నిలిచిన రాయల లోహప్రతిమను చూచి వచ్చితిమి. తలపై కిరీటము లేదు, పొడవాటి కుల్లాయి కలదు. పైమేన వస్త్రము లేదు. అటులనే కావలెనని పట్టుపట్టితిమి. అట్టతో మూరెడు కుల్లాయి చేసి, మా ఇంటి పాత పట్టుచీర జరీ అంచు అంటించితిమి. మామయ్య ఏమియు అనక, పంచె కట్టి, వట్టి మేనితో నిలిచిరి. అప్పటికాయనకు అరువదేండ్లు.

సభాద్వారపు చట్టము కిరీటపు ఎత్తుకు చేసినది. ఆయన ప్రవేశించుటతోడనే కుల్లాయి తగిలి వంగినది. ముందు వరుస పిల్లలు జోకరు, జోకరు అని కేకలు వేసిరి. పెద్దలును నవ్విరి. ఒక చేత కుల్లాయి పట్టుకొని, రెండవ చేత పొట్ట కప్పుకొనుచు ఆయన పద్యము ముగించిరి. తెర వెనుక మాతో, "నీ చరిత్ర నిలిచింది లేరా. నా తల వంగింది" అనిరి. అటుపిమ్మట నెలల తరబడి మాటలాడలేదు.

ఆ బాధతో గ్రంథాలయమునకు పోయి, రాబర్టు సూయెల్ 1900లో ప్రకటించిన ఆంగ్ల గ్రంథమును నిఘంటువు ప్రక్కనుంచుకొని చదివితిమి. మాది మెట్రిక్యులేషను ఇంగ్లీషు, నెల పట్టినది. 1520 ప్రాంతమున రాయలను కన్నులార చూచిన పోర్చుగీసువాడు డొమింగో పేయిస్ వ్రాత అందున్నది. బంగారు గులాబీలు కుట్టిన తెల్లని వస్త్రములు, జరీ టోపీ, చెప్పులు లేని పాదములు! తప్పు చరిత్రది కాదు, మాది. ప్రతిమలోని రాయలు దేవుని యెదుట నిలిచిన భక్తుడు. మేమాయనను అదే వాలకముతో కొలువుకూటమున కూర్చుండబెట్టితిమి.

మఱుసటి యేట తెల్లని నూలుబట్టతో పొడవాటి కబాయి కుట్టించితిమి. ఉగాది నాటి మా ఊరి వేడికి ముఖమలు కంటె నూలే సుఖము. జరీ కొను శక్తి లేక గులాబీలకు పసుపుపచ్చని గుడ్డముక్కలు కత్తిరించి అతికితిమి. దీపపు వెలుగున దూరమునుండి చూచువారికి అవి బంగారమే. యుద్ధరంగమునకు ముందు త్వరగా మార్చుకొనుటకై వెనుక ప్రెస్ బటన్లు పెట్టితిమి. రాయలకవి లేవు, నిజమే; సభికులకు వెన్ను చూపవలదని మామయ్యకు ఇతరులచే చెప్పించితిమి. కుల్లాయి జానెడున్నరకు తగ్గించి, అట్టకు బదులు వెదురుబద్దల చట్టమునకు గుడ్డ చుట్టితిమి. లేపాక్షి కప్పుమీది చిత్రములలోని దొరలను చూచి, కొలువువారు నలుగురకు చిన్న కుల్లాయిలు పెట్టి, రాయలకు ముందే రంగమునకు పంపితిమి. కన్ను అలవాటు పడవలెను గదా! వట్టి కాళ్ళు మాత్రము పేయిస్ చెప్పినట్లే ఉంచితిమి. దానికి కానీ ఖర్చు లేదు.

ఎవరును నవ్వలేదు. నాటకము ముగిసిన పిదప మామయ్య కుల్లాయి తీయక, అట్లే జట్కా ఎక్కి ఇంటికి పోయిరి. మఱునాడు తిరిగి ఇచ్చుచు, "లోపల చెమటకు మెత్తని గుడ్డ వేయరా" అని మాత్రమనిరి. వేసితిమి. అది ఇప్పటికిని మా పెట్టెలో నున్నది. బడిపిల్లలడిగిన ఇత్తుము, ద్వారపు ఎత్తు కొలుచుకొని రండని చెప్పుదుము.