పెద్ద ల్యాప్‌టాప్‌ను ఆరుగురం పరీక్షించాం



సెలవు మీద ఊరికి వెళ్లే వాళ్లను పిల్లలు అడిగే వస్తువులు కాలంతోపాటు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు టేప్‌రికార్డర్, తర్వాత టీవీ, ఆ తర్వాత సెల్‌ఫోన్. ఇప్పుడు ఇంజనీరింగ్ చదివే పిల్లలు గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నారు. వాళ్లు చెప్పే పేర్లూ నంబర్లూ మనకు అర్థం కావు. ఆ మాట పిల్లలతో చెప్పడానికి మనసొప్పదు. "సరేలే, చూద్దాం" అని ఫోన్ పెట్టేసి రాత్రంతా లెక్కలు వేసుకుంటాం. సోనాపూర్‌లో మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం. ఈ మధ్య అందరం కలిసి అలాంటి ల్యాప్‌టాప్‌ను ఒకదాన్ని పరీక్షించాల్సి వచ్చింది. మేము తెలుసుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాం.

మాలో ఒకరు జగిత్యాల వైపు పెద్దన్న. షట్టరింగ్ కార్పెంటర్ పని. మూడేళ్ల తర్వాత సెలవు దొరికింది. కొడుక్కి హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. "బాపూ, పదిహేడు ఇంచులది, మనమే బిగించుకునేది ఉంటదట. దుబాయ్‌ల అగ్గువకు దొరుకుతదట" అని కొడుకు అడిగాడు. పెద్దన్న జీతం ఓవర్‌టైమ్‌తో కలిపి 1,900 దిర్హాములు. "తెస్తే తెస్త గని, గన్ని పైసలు పెట్టినంక నాలుగేండ్లన్న నడవాలె గదా. నాకేమెరుక దాని సంగతి" అన్నాడు. సెలవు రోజున ఆరుగురం బస్సెక్కి, కంప్యూటర్ దుకాణాలు వరుసగా ఉండే బర్ దుబాయ్‌లోని ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డుకు వెళ్లాం.

మనమే బిగించుకునే ఈ రకాన్ని వ్యాపారంలో బేర్‌బోన్ అంటారు. బాడీ, స్క్రీన్, మదర్‌బోర్డు, కీబోర్డు, ఫ్యాన్లు ఉంటాయి. మెమరీ, డిస్కు, విండోస్ మనం తెచ్చి పెట్టుకోవాలి. ఫ్లాట్‌ను గోడలు, స్లాబు వరకు కట్టి అప్పగించి, టైల్సూ తలుపులూ మీరే వేసుకోండి అన్నట్టు. తైవాన్‌లోని క్లెవో కంపెనీ ఇలాంటి బాడీలు తయారు చేస్తుంది. వేర్వేరు దేశాల్లో చిన్న కంపెనీలు వాటికి తమ పేరు తగిలించి అమ్ముతాయి. కొన్ని పెద్ద మోడళ్లలో మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌నే సాకెట్‌లో కూర్చోబెట్టేవారు. అందుకే అవి అంత లావు.

దుకాణాయన మలయాళీ. ఆరుగురం ఒక్కసారి లోపలికి వెళ్లినా విసుక్కోలేదు. వాడిన బాడీలు రెండు చూపించాడు. రెండూ 17.3 ఇంచులవే. ఒకదాంట్లో ఇంటెల్ 7వ తరం ప్రాసెసర్, ఇంకోదాంట్లో 10వ తరం. మొదటిది బాగా చవక. కానీ విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఇచ్చేది, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో 8వ తరం నుంచే. నాలుగేళ్లు చదవాల్సిన పిల్లాడికి మొదటిది పనికిరాదని అక్కడే పక్కన పెట్టాం. పాత మెషిన్ కొనేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

రెండోదాన్ని పరీక్షకు తీసుకున్నాం. మా కాకినాడ తమ్ముడు ఎలక్ట్రీషియన్. వాడు స్క్రీన్ వైపు చూడనే లేదు. అడాప్టర్ తిరగేసి లేబుల్ చదివాడు. 19.5 వోల్టులు, 16.9 యాంపియర్లు. అంటే సుమారు 330 వాట్లు. అది గరిష్ఠ లెక్క. మామూలు పనికి చాలా తక్కువే తీసుకుంటుంది, గేమ్ ఆడేటప్పుడే పైకి పోతుంది. "ఇస్త్రీ పెట్టెతో పోలిస్తే ఇదెంతండీ, బోర్డుకేం కాదు. కరెంటు పోయినప్పుడే కష్టం" అన్నాడు. ఇంట్లో 12 వోల్టుల, 150 యాంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ ఉందనుకోండి. కాగితం మీద 1,800 వాట్ అవర్లు. ఫ్యాన్లు, లైట్లు, మధ్యలో నష్టాలు పోను ఈ మెషిన్‌కు మిగిలేది రెండు మూడు గంటలు. దాని సొంత బ్యాటరీ మీద గేమ్ ఆడితే గంట నిలిస్తే గొప్ప.

తర్వాత మా కడప అన్న చేతికి వచ్చింది. ఆయన ఏసీ మెకానిక్. అరగంట బరువైన గేమ్ నడిపించమన్నాడు. ప్రాసెసర్ వేడి 97 డిగ్రీలకు చేరింది. వేగం పడిపోయింది. ఫ్యాన్ల మోతకు పక్క కౌంటర్ వాళ్లు కూడా తిరిగి చూశారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపుతారు కదా, ప్రాసెసర్ కూడా 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి తనకు తానే పని తగ్గించుకుంటుంది. మెషిన్ చెడిపోయిందని అర్థం కాదు. వేడి బయటికి పోవడం లేదని అర్థం.

ఆయన స్క్రూడ్రైవర్ అడిగి అడుగు మూత తీశాడు. లోపల రాగి గొట్టాలు. వాటిలో కొద్దిగా ద్రవం ఉంటుంది. వేడి తగిలిన చోట ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ వెనక్కి వస్తుంది. "మన ఏసీ లెక్కే ఇదీనూ, కంప్రెసర్ ఒక్కటే లేదు" అన్నాడు. రేకుల మధ్య మన గల్ఫ్ దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. బ్రష్‌తో దులిపి, గాలి కొట్టి, పాత పేస్టు తుడిచి కొత్తది రాశాడు. మళ్లీ అరగంట నడిపితే 84 దగ్గర ఆగింది. దుకాణాయన టీ తెప్పించాడు. అదే ఆధునిక సన్నటి ల్యాప్‌టాప్ అయితే ఇంత తేలికగా లోపలికి చెయ్యి పోదు. మనమే విప్పి బాగుచేసుకోగలగడం ఈ పెద్ద బాడీకి ఉన్న అసలైన గుణం.

మరి మార్చుకోవడం సంగతి? మెమరీ, డిస్కు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గ్రాఫిక్ కార్డు కూడా విడిగా ఊడి వస్తుంది. కానీ ఆ పాత బాడీకి సరిపడే కొత్త కార్డు దొరకడం చాలా కష్టం. ఇప్పుడు వచ్చే పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ప్రాసెసర్, గ్రాఫిక్ చిప్ బోర్డుకే అతికించి ఉంటాయి. అమెరికా కంపెనీ ఫ్రేమ్‌వర్క్ తన 16 ఇంచుల మోడల్‌కు 2025లో కొత్త గ్రాఫిక్ భాగం తెచ్చి, పాత బాడీలోనే పెట్టుకోవచ్చంది. అలాంటివి అరుదు. మార్చుకోవచ్చు అని ఎవరైనా చెబితే, ఆ సామాను ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది అని కూడా అడగండి.

ఇక డబ్బు. బాడీ, ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు కలిపి 2,200 దిర్హాములు చెప్పాడు. 32 జీబీ మెమరీ 650, డిస్కు 400, విండోస్ 450. మొత్తం 3,700. పెద్దన్నకు రెండు నెలల జీతం దాదాపు మొత్తం. విడిగా కొంటే చవక అనే మాట ఇప్పుడు అంత నిజం కాదు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. పైగా ఈ మెషిన్‌కు గ్యారంటీ లేదు. పక్క దుకాణంలో 15.6 ఇంచుల కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్, 16 జీబీ మెమరీ, విండోస్‌తో సహా 3,250 చెప్పారు. భారత్‌లో కూడా చెల్లే ఏడాది వారంటీ ఉంది.

చివరికి బరువు. దుకాణంలోని తూకం మీద పెద్దది, అడాప్టర్‌తో కలిపి, ఆరు కిలోలకు కొంచెం తక్కువ. చాలా విమానాల్లో ఎకానమీ వాళ్లకు చేతి సామాను 7 కిలోలే. పిల్లాడు దాన్ని రోజూ హాస్టల్ నుంచి బస్సులో మోయాలి.

పెద్దన్న అక్కడి నుంచే కొడుక్కి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమన్నాం. "బిడ్డా, కాలేజీల చదువుకు గింత పెద్దది కావాల్నా? నిజం చెప్పు" అన్నాడు. పిల్లాడు కాసేపు మాట్లాడలేదు. "చదువుకు 16 జీబీది చాలు బాపూ. గేమ్స్ గూడ ఆడుత. గని లోపల ఎట్లుంటదో నేనే విప్పి చూడాలని ఉండె" అన్నాడు. పెద్దన్న మొహంలో అప్పుడు కనబడిన సంతోషం ఈ మూడేళ్లలో మేము చూడలేదు. పిల్లాడు ఆట వస్తువు అడుగుతున్నాడో, పనిముట్టు అడుగుతున్నాడో తెలియక ఆయన ఇన్ని రోజులూ నలిగిపోయాడు.

పక్క దుకాణంలోని కొత్తదే తీసుకున్నాం. మెమరీకి రెండు స్లాట్లున్నాయి. ఒకటి ఖాళీ. మూత స్క్రూలతో విప్పేదే. రెండో మెమరీ ముక్క వచ్చే ఏడాది కొని, కొడుకే బిగించుకోవాలని తండ్రీకొడుకులు మాట్లాడుకున్నారు. స్క్రూడ్రైవర్ సెట్టు మాత్రం మా అయిదుగురి తరఫున కొన్నాం.

కొనబోయే వాళ్లకు మా మాట. ఏ పనికో పిల్లలతో విడమరచి మాట్లాడండి. ప్రాసెసర్ ఏ తరమో అడగండి. అడాప్టర్ లేబుల్ చదవండి. అరగంట నడిపించి వేడి చూడండి. బిల్లు, వారంటీ కాగితం దాచుకోండి. ల్యాప్‌టాప్‌ను లగేజీలో పడేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి. బ్యాటరీ 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా భారత్‌కు తీసుకెళ్లవచ్చు. అన్నిటికన్నా ముందు మీ రూమ్‌లో ఎలక్ట్రీషియన్‌నూ ఏసీ మెకానిక్‌నూ వెంట తీసుకెళ్లండి. కరెంటూ వేడీ తెలిసినవాళ్లకు ల్యాప్‌టాప్ కొత్త వస్తువేమీ కాదు.