చిలక లేని జోస్యం

చిన్నప్పుడు మా వరంగల్ కొత్తవాడ గల్లీకి చిలక జోస్యం తాత వచ్చేటోడు. చిలక ముక్కుతో ఓ కవరు లాగేది. లోపల రాముడో, లక్ష్మీదేవో. ఇప్పుడు రామచిలుకను పంజరంలో పెడితే 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. అందుకే నా జోస్యంలో చిలక లేదు. మా పిలగాడు ఆడి వదిలేసిన పోకెమాన్ కార్డులే. పికాచు వస్తే శుభం అని నేనే నోటుబుక్కులో రాసుకున్న.

తంటా అంతా కార్డుల తొడుగులతోనే. కార్డు 63 బై 88 మిల్లీమీటర్లు. తొడుగు 66 బై 91 ఉంటే సరిగ్గ పడుతది. పీవీసీ వద్దనుకున్న. దాన్ని మెత్తగ ఉంచే రసాయనం ఏండ్లు గడిస్తే ఊరి, బొమ్మను పాడుచేస్తది. పాలీప్రొపిలీన్ నయం. వెనక నలుపే ఉండాలె. ఏ కార్డు మూల నలిగిందో కంటికి తెలిస్తే ఇంకేం జోస్యం?

మొదట నున్నటివి తెచ్చిన. కలపబోతే కట్ట మొత్తం జారి దర్రీ మీద పడ్డది. గరుకువి జారవు గానీ, మగ్గాల వాడ కదా, నూలు పోగులు అంటుకుంటయి.

నిన్న ఒక కార్డు తీసి, పోగు దులిపి చూస్తే మ్యాజికార్ప్. దానికేమని రాసుకున్ననో యాదికి లేదు. నోటుబుక్కు దొరుకుతలేదు.