రాయపూర్‌లో మాకు దొరికిన పాఠం

1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం ఎందరో తెలుగువారిని ఆ నగరానికి చేర్చింది. 1994లో విధినిర్వహణకై మేము వెళ్ళినపుడు అది మధ్యప్రదేశ్‌లోనిది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాజధాని అయినది.

వివేకానంద సరోవరమని పేరొందిన బూఢా తాలాబ్ చూచి వస్తుండగా మా జీపు నీలిపొగ కక్కి మొరాయించింది. మరునాటికి పనిస్థలం చేరక తప్పదు. హెడ్డు విప్పితే సిలిండరు పైఅంచున గట్టు కనిపించింది. రింగులు రాచుకొనే మేర అరిగి, అవి అందని అంచు అరగక మిగలడమే దీనికి కారణం. కొత్తగా పట్టా పుచ్చుకొన్న ధీమాతో మేము పిస్టన్‌ను పైకి నెట్టబోయాము. శ్రీకాకుళం నుండి వచ్చి స్థిరపడిన వృద్ధ మేస్త్రీ వారించాడు.

"ఆగండి బాబూ! గట్టు తియ్యకుండా లాగితే పిస్టన్ ఇరిగిపోద్ది."

పిస్టన్‌ను అడుగుకు దించి, పైన నూనెగుడ్డ పరచి, రిడ్జ్ రీమర్‌ను బోరులో బిగించి స్పానరుతో మెల్లగా త్రిప్పాడు. గట్టు సన్నని పొట్టుగా రాలింది. గోటితో తడిమి, గోడతో సమం కాగానే ఆపాడు. మరికొంత కోస్తే రింగు నడిచే చోటే చెడుతుంది కదా!

పిస్టన్ సునాయాసంగా వెలుపలికి వచ్చింది. కొత్త రింగులతో జీపు వేకువనే కదలింది. నేడు మా వద్దకు శిక్షణకు వచ్చే యువకులకు రీమర్ చేతికిచ్చేముందు, గోటితో తడమడమే మొదట నేర్పుతున్నాము.