చండాలిక: ఒక కథ, రెండు ముగింపులు

కథ ఆగిపోవడం వేరు, తీరడం వేరు. న్యాయశాస్త్రం చదివిన మాకు ఈ తేడా కోర్టు తీర్పుల్లో తెలిసింది. దావాలో ముందుగా వివాదాంశాలు రాసుకుంటారు. తీర్పు ప్రతి అంశానికీ జవాబు చెప్పాలి. కథకీ అదే కొలత. చివరి పేజీని మొదటి ప్రశ్న పక్కన పెట్టి చూడాలి.

1882లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ రాజేంద్రలాల్ మిత్రా పుస్తకం ఒకటి ప్రచురించింది. నేపాల్‌లో దొరికిన సంస్కృత బౌద్ధ గ్రంథాల పరిచయమది. అందులోని శార్దూలకర్ణావదానం ఆధారంగా రవీంద్రనాథ్ ఠాగూర్ 1933లో ‘చండాలిక’ నాటకం రాశారు.

రెండింటికీ మొదలు ఒకటే. బావి దగ్గర ప్రకృతి అనే మాతంగ యువతిని ఆనందుడు నీళ్లడుగుతాడు. ఆమె తన కులం చెప్పి వెనకాడుతుంది. ఆయన కులం పట్టించుకోకుండా నీళ్లు తాగుతాడు. ఆమె ఆయన మీద మనసు పడుతుంది. తల్లి మంత్రం వేసి ఆయన్ను రప్పిస్తుంది.

నాటకంలో ఆనందుడి వేదన చూడలేక మంత్రం వెనక్కి తీసుకోమంటుంది ప్రకృతి. ఆయన్ను క్షమాపణ వేడుకుంటుంది. తల్లి ప్రాణం పోతుంది. తానూ మనిషినేనని ప్రకృతి గుర్తించడం గొప్ప విషయమే. ఆమె మనసులోని అలజడీ తీరింది. మరి బావి దగ్గరి అంటు సంగతి? ఊరు ఏ జవాబూ చెప్పలేదు. మూల్యం చెల్లించింది మాతంగ తల్లి.

అవదానం అక్కడ ఆగదు. తథాగతుడు ఆనందుణ్ణి విడిపిస్తాడు, తర్వాత ప్రకృతిని భిక్ఖుణిగా సంఘంలో చేర్చుకుంటాడు. శ్రావస్తి బ్రాహ్మణులు, ప్రసేనజిత్తు రాజు అభ్యంతరంతో వస్తారు. అప్పుడాయన ఒక పూర్వకథ చెబుతాడు. మాతంగ రాజు త్రిశంకు తన కొడుకు శార్దూలకర్ణుడికి పుష్కరసారి అనే బ్రాహ్మణుడి కూతుర్నడుగుతాడు. పుట్టుకలో కులభేదం లేదని వాదించి ఒప్పిస్తాడు. ఆ త్రిశంకు తానేనని, ఆ బ్రాహ్మణ కన్య ఈ ప్రకృతేనని బుద్ధుడంటాడు. పునర్జన్మను మేము నమ్మకపోయినా ఈ కూర్పులోని వాదం మమ్మల్ని ఆకట్టుకుంటుంది. అభ్యంతరం చెప్పిన ఊరి ముందే జవాబు వచ్చింది. ప్రకృతి తల వంచాల్సిన పని లేకుండా వచ్చింది.

మా పనిలో కులదూషణ కేసులు రాజీలతో ముగియడం చూస్తుంటాం. పెద్దలు కూర్చుంటారు, దండం పెట్టిస్తారు, కాగితం మీద సంతకాలు చేయిస్తారు. గొడవ ఆగుతుంది. మర్నాడు బోరింగు దగ్గర వాడవాళ్ల బిందె వరసలో ఎక్కడుందో చూస్తే గాని అది తీరిందో లేదో తెలియదు. కథ చదివినప్పుడూ మేము ఆ బిందెనే వెతుకుతాం.