మిద్దె మీద గదికి ఏ పూత?

పత్తికొండలో ఆ ఇంటి మిద్దె మీది గదిలో ఒకప్పుడు బుడ్డల మూటలు, పాత పగ్గాలు ఉండేవి. డీఎస్సీకి చదువుతున్న కూతురి కోసం దాన్ని ఖాళీ చేయించారు. లోపలి గోడలు సుమారు 400 చదరపు అడుగులు. మూడు గోడలు మట్టితో పేర్చిన రాతిగోడలు. నాలుగోది, కిటికీ పెట్టుకోవడానికి కొత్తగా కట్టించిన ఇటుక గోడ.

ఇంటామె బ్లౌజులు కుడుతుంది, ఆయన టమాటా, బుడ్డలు పండిస్తాడు. నెల జీతం లేని ఇల్లు అది. పత్తికొండ మార్కెట్టులో టమాటా కిలో రూపాయికి పడిపోయిన సీజన్లు వాళ్లకు కొత్త కాదు. గోడకు ఏ పూత వేయించాలన్నది ఆమెకు మొదటినుంచీ డబ్బు ఎప్పుడు, ఎంత చేతికొస్తుందన్న లెక్కే.

అంగట్లో ముందు చెప్పింది జిప్సం. దానికి ఇసుక అక్కర్లేదు, రోజుల తరబడి నీళ్లు పట్టే పనీ లేదు. కలిపిన అరగంటలోపే బిగుసుకుంటుంది, గోడ నున్నగా వస్తుంది. 25 కిలోల బస్తా అరంగుళం మందాన సుమారు 20 చదరపు అడుగులకు వస్తుంది కాబట్టి ఆ గదికి 20 బస్తాలు చాలునన్నారు. ఆ లెక్క సమంగా ఉన్న ఇటుక గోడకు సరిపోతుంది. రాళ్ల మధ్య అంగుళం లోతు గుంటలున్న గోడకు బస్తాలు దాదాపు రెట్టింపవుతాయి. పైగా జిప్సానికి తడి గిట్టదు. ఆ గదికి పైన కప్పు నాపబండలది. బండల సందుల్లోంచి ప్రతి వానకూ గోడ మీదికి చెమ్మ దిగుతుంది.

సిమెంటు అందరికీ తెలిసిన దారి. ఒకటికి ఆరు పాళ్లు ఇసుక కలిపి, 12 మిల్లీమీటర్ల మందాన వేస్తే, చదునైన గోడలైతే 400 చదరపు అడుగులకు మూడు బస్తాలు, 20 ఘనపుటడుగులకు కొంచెం పైన ఇసుక పడతాయి. ఎగుడుదిగుడు గోడలకు అయిదు బస్తాలనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా బస్తా 300 రూపాయలైతే మిగిలేది బస్తాకు 30, మొత్తానికి 150 రూపాయలు. ఇల్లంతా కట్టేవాళ్లకు ఆ తగ్గింపు పెద్దదే, ఒక గదికి మాత్రం లెక్కలోకి రాదు. ఇసుక సంగతీ ఇలాంటిదే. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమన్నారు. కానీ తుంగభద్ర నుంచి పత్తికొండ దాకా తెచ్చే బండి కిరాయి, మిద్దె మీదికి మోసే కూలి ఉచితం కావు.

గోడను చేత్తో తట్టి చూసిన బేల్దారి మేస్త్రీ ఒకే మాట అన్నాడు: "మట్టిగోడకు సిమెంటు పట్టదమ్మా. పట్టినా నిలవదు."

అందులో కారణముంది. మట్టి గారతో పేర్చిన గోడ తేమను పీలుస్తుంది, మళ్లీ వదులుతుంది. ఎండకూ వానకూ కొంచెం కదులుతుంది. సిమెంటు పూత గట్టిది, కదలదు, తేమను బయటికి పోనివ్వదు. లోపల చిక్కుకున్న చెమ్మ మట్టిని మెత్తబరుస్తుంది. కొన్నేళ్లకు పూత డొల్లగా మోగి, పెచ్చులుగా రాలుతుంది. చేసిన ఖర్చే మళ్లీ చేయాల్సి వస్తుంది. మూడో దారి సున్నం. సున్నం పూత ఆ గోడతోపాటు తేమను వదులుతుంది, సన్నని బీటలను ఓర్చుకుంటుంది.

ఆమెను సున్నం వైపు తిప్పింది మాత్రం ఇంకో గుణం. కాల్చిన సున్నపు గడ్డలను నీళ్లలో వేస్తే బుసబుస పొంగి ముద్దవుతాయి. ఆ ముద్ద మీద నీళ్లు నిలిపి, గాలి తగలకుండా మూత పెడితే నెలల తరబడి పాడవదు సరికదా, ఇంకా మెత్తబడి పనికి బాగుంటుంది. సిమెంటు అలా కాదు, మూడు నెలలు నిల్వ ఉంటే దాని బలంలో సుమారు అయిదో వంతు పోతుంది. జిప్సం బస్తా పాడవడానికి గాలిలోని చెమ్మ చాలు. ఆ రెంటికీ డబ్బంతా ఒక్కసారే కావాలి. సున్నాన్ని మాత్రం కుట్టుపని డబ్బులు వచ్చినప్పుడల్లా కొని డ్రమ్ములో వేసుకోవచ్చు.

కప్పు, పూత కలిపి ఒకేసారి చేయించాలంటే 40,000 అప్పు కావాలి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 800. పది నెలలకు తీర్చినా 8,000 వడ్డీకే పోతుంది. అప్పు చేయకూడదని ఆమె గట్టిగా అనుకుంది. ఆ నిర్ణయం సరైనదే. చేతిలో ఉన్న డబ్బు మొదట బండల సందులు పూడ్చడానికి పెట్టింది. ఒక వానాకాలం గడిచి, గోడలు ఆరాకే పూత మొదలైంది.

సున్నం చవకని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. ఒకటికి మూడు పాళ్లు ఇసుక కలిపి, పలచగా రెండు మూడు దఫాలు వేయాలి. ఒక్కో దఫాకూ మధ్య ఆగాలి, ఎండకు తొందరగా ఆరిపోకుండా తడుపుతుండాలి. సరుకు ఖర్చులో మిగిలింది చాలామటుకు మేస్త్రీ కూలికే పోయింది. సున్నం నీళ్లలో పొంగేటప్పుడు చింది కంట్లో పడితే చూపుకే ముప్పు కాబట్టి ఆ పనికి కళ్లద్దాలు కొన్నారు. పిల్లలను మిద్దె ఎక్కనివ్వలేదు.

నాలుగో గోడకు మాత్రం సిమెంటే వేయించింది. ఇటుకకు, సిమెంటు గారకు అది సరిగ్గా సరిపోతుంది. గది అంతా అలాంటి ఇటుకలదే అయి, కప్పు కారకుండా ఉండి, అద్దెకు త్వరగా ఇవ్వాల్సి ఉంటే ఆమె లెక్క పూర్తిగా తిరగబడేది. పని ఒక నెల ముందు ముగిస్తే ఒక నెల అద్దె ముందే చేతికొస్తుంది. అక్కడ జిప్సం బస్తాల ధర ఎక్కువైనా గిట్టుబాటే.