నీళ్ళంటే భయపడే నేల

పెర్త్‌లో మా ఇంటి ముందు పచ్చిక అచ్చంగా మన గరికే. ఇక్కడివారు కౌచ్ అంటారు గానీ, వృక్షశాస్త్రంలో రెండూ సైనొడాన్ డాక్టిలానే. వినాయక చవితి పత్రిలో మనం వెదికి తెచ్చుకునే గరికను ఇక్కడ చాపచుట్టల్లా కొని పరుస్తారు. మన పొలాల్లో ఎంత పీకినా చావని ఈ మొండిగడ్డి, ఇక్కడి వేసవిలో నీళ్ళు పెడుతుండగానే మచ్చలు మచ్చలుగా ఎండిపోతుంది.

కారణం ఇసుక. ఆకులూ వేళ్ళూ కుళ్ళినప్పుడు వాటిలోని మైనపు పదార్థాలు ఇసుక రేణువులకు పూతలా పట్టుకుంటాయి. ముతక రేణువుల మొత్తం ఉపరితలం తక్కువ కనుక కొద్దిపాటి మైనమే చాలు. బంకమన్నులో ఆ మాత్రం ఏ మూలకూ రాదు. నేల చెమ్మగా ఉన్నన్నాళ్ళూ ఈ గుణం బయటపడదు. బాగా ఎండిందంటే మాత్రం ఇక నీటిని దరిచేరనివ్వదు. తామరాకు మీది నీటిబొట్టును మనం వైరాగ్యానికి ఉపమానంగా చెప్పుకుంటాం గదా, అక్కడా పని చేసేది మైనపు పూతే!

పరీక్ష సులువు. ఎండిన మట్టిపై ఒక బొట్టు వేసి గడియారం చూడాలి. 5 సెకన్లు దాటినా ఇంకకపోతే అది నీటిని వికర్షించే నేల అని శాస్త్రజ్ఞుల లెక్క. మా ముంగిట వేసిన బొట్టు నేను కాఫీ ముగించేదాకా పూసలా నిలిచే ఉంది. నల్లరేగడిలో వ్యవసాయం చేసిన మా నాన్నగారు వచ్చినప్పుడు దాన్ని పుల్లతో అటూ ఇటూ దొర్లించి, "ఇదేం మట్టిరా, నీళ్ళంటే భయపడుతోంది!" అన్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఈ ఊళ్ళో నీళ్ళు నవ్వులాట కాదు. 1970ల నడిమి నుంచి వానలు తగ్గుతూ వచ్చాయి. 2001 నుంచి కుళాయి నీటితో పచ్చిక తడపడానికి వారానికి రెండు రోజులే అనుమతి. 2006 నుంచి సముద్రపు నీటిని శుద్ధి చేసి కుళాయిల్లోకి కలుపుతున్నారు. అంత ఖరీదైన నీరు పచ్చికపై పడి, పక్కకు జారి, ఎక్కడో సందు దొరికిన చోట వేళ్ళకందకుండా లోతుకు దిగిపోతుంది; పోతూ పోతూ ఎరువునూ వెంటబెట్టుకుపోతుంది. జానెడు పక్కన గడ్డి దాహంతో మాడుతూనే ఉంటుంది.

గోల్ఫ్ మైదానాల వారు దీనికి వాడే మందు వెట్టింగ్ ఏజెంట్. తెలుగులో "తడిమందు" అందామా? (ఇంతకన్నా మంచి మాట తడితే చెప్పండి.) దాని అణువుకు ఒక కొన మైనాన్ని పట్టుకుంటే రెండో కొన నీటికి చెయ్యందిస్తుంది. అది ఎరువు కాదు, నీటిని పుట్టించేదీ కాదు, వట్టి మధ్యవర్తి. నేల పూర్తిగా ఎండకముందే, వసంతంలో చల్లి, ఆకుల మీద ఉండిపోకుండా వెంటనే నీళ్ళు పెట్టి వేళ్ళ దాకా దింపాలి. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు పోయమనే సలహాలు కూడా వింటుంటాను. గడ్డిని మాడ్చే ఆ చిట్కా నాకు నచ్చదు.

తడిమందుతో మైనం పోదు. నేలలోని సూక్ష్మజీవులు మందును క్రమంగా తినేస్తాయి, కొన్ని నెలలకు మళ్ళీ చల్లాలి. అంతకంటే ఎక్కువకాలం నిలిచేది బంకమన్ను. ఇక్కడి రైతులు ఇసుక పొలాల్లో దాన్ని కలిపితే ఆ గుణం ఏళ్ళ తరబడి ఉంటుంది. ఈ మాట చెప్పగానే నాన్నగారు, "మన చేలోంచి ఓ బస్తా పంపనా?" అన్నారు ఉత్సాహంగా. చెప్పులకంటిన మట్టిని కూడా విమానాశ్రయంలో దాటనివ్వని దేశమిది! తోట సామాన్ల దుకాణంలో పొడి బంకమన్ను సంచుల్లో దొరుకుతోంది. ఈ సెప్టెంబరులో పచ్చికకు చిల్లులు పొడిచి తడిమందుతో పాటు అదీ వేయబోతున్నాను.